పచ్చచుక్క ఉంటే మందులు కొట్టనిదేనా?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కొంచెం ఇవతల మాది చిన్న కిరాణా కొట్టు. ఇరవై రెండేళ్లుగా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. వారానికి ఒక్కరైనా కందిపప్పు ప్యాకెట్టు మీద పచ్చచుక్క చూపించి, "అక్కా, ఇది మందులు కొట్టనిదే కదేటి?" అంటారు.

కాదు. చదరంలో పచ్చచుక్క అంటే శాకాహారం, అంతే. ఎన్ని మందులు కొట్టినా పప్పు శాకాహారమే కదా! మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం ఉంటుంది. టూత్‌పేస్టు ట్యూబు చివర రంగు గీతకీ ఇలాగే ఓ కథ అల్లారు: పచ్చదైతే మూలికలట, నల్లదైతే రసాయనాలట. ట్యూబు ఎక్కడ కోయాలో మిషనుకి తెలియడానికి వేసే ఆనవాలు అది.

మందుల్లేని సరుకే కావాలంటే ప్యాకెట్టు మీద 'జైవిక్ భారత్' గుర్తు వెతకండి. ఆహార పదార్థాలకి ఇది 2017 నిబంధనలతో వచ్చింది. దాంతోపాటు 'ఇండియా ఆర్గానిక్' గానీ 'పీజీఎస్ ఇండియా' (రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) గానీ ఉంటుంది. పీజీఎస్‌లో 'గ్రీన్' అని ఉంటే ఆ పొలం మందుల సాగు నుంచి ఇంకా మారే దశలో ఉందని, 'ఆర్గానిక్' అని ఉంటే పూర్తిగా మారిందని. ఈ తేడా చాలామంది చూడరు. ముందువైపు 'నేచురల్', 'ఫామ్ ఫ్రెష్', 'ప్యూర్' అని ఎంత పెద్ద అక్షరాలున్నా నేను లెక్కలోకి తీసుకోను. ప్యాకెట్టు తిప్పి, వెనక ఆర్గానిక్ సర్టిఫికెట్టు నంబరు చూస్తాను.

అలాగని రైతుబజారులో గోనెపట్టా మీద రాగులు పోసుకున్నామెని సర్టిఫికెట్టు అడగకండి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకుంటూ, పండించినవాళ్లే నేరుగా మనకిస్తే ఆ సర్టిఫికెట్టు అక్కర్లేదు. "పురుగుకి ఏటి కొట్టేవమ్మా? జీవామృతం ఎన్నిసార్లు పోసేవు?" అని అడగండి. నిజంగా అలా పండించినామె మిమ్మల్ని ఓ పట్టాన వదలదు.

ఇక నేను మోసపోయిన సంగతి. ఒకాయన కొట్టుకి సంచులు తెచ్చాడు. పైన ఆకు బొమ్మ, 'బయోడిగ్రేడబుల్', అంటే మట్టిలో కలిసిపోయేది, అని పచ్చక్షరాలు. మామూలువాటికంటే ఎక్కువ పెట్టి రెండు కట్టలు తీసుకున్నాను. మిగిలిన కొన్నిటిని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతాను. రెండు వానాకాలాలు పోయాక పాదు తవ్వితే సంచులు అలాగే ఉన్నాయి. ఆకు బొమ్మ కూడా వాడిపోలేదు!

అప్పుడు తెలుసుకున్నాను. కంపోస్టబుల్ (కుళ్లి ఎరువుగా మారే) సంచి అంటే దానిమీద తయారుచేసినవాళ్ల పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్టు నంబరు ఉండాలి. దాని ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. అవన్నీ ఉన్నా పెరట్లో కరిగిపోతుందని ఆశపడకండి. బాగా వేడెక్కే పెద్ద కంపోస్టు ప్లాంట్లను దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రమాణం అది. సీసా అడుగున బాణాల త్రికోణం కూడా ఇలాంటిదే. లోపలి అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, 1 అంటే పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్. మన ఊళ్లో పాత సామాన్లవాడు దాన్ని కొంటాడో లేదో ఆ అంకె చెప్పదు.

ఆధారం చూపకుండా 'ఎకో ఫ్రెండ్లీ' అని రాసుకోకూడదని 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చెయ్యాలంటే 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఫ్రిజ్జు కొనేటప్పుడు కరెంటు పొదుపు లేబుల్ మీది నక్షత్రాలొక్కటే చూడకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లో, ఆ లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో దానిమీదే రాసుంటుంది. లెక్క అప్పుడప్పుడు కఠినం చేస్తారు కాబట్టి పాత ఐదు నక్షత్రాలూ కొత్త ఐదు నక్షత్రాలూ ఒకటి కావు.

బట్టల దగ్గర మాత్రం నాకు కొంచెం పట్టుదల. నా పుట్టిల్లు పొందూరు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వి, రాట్నం మీద నూలు వడికేది మా అమ్మ. అందుకే ఎవరైనా చేనేత చీర చూపించి ఖాదీ అంటే నోరు ఊరుకోదు. చేనేతలో మగ్గం మీద నేత చేత్తోనే సాగుతుంది గానీ నూలు మిల్లుదైనా కావచ్చు. ఖాదీలో నూలూ చేత్తో వడకాలి, బట్టా చేత్తో నెయ్యాలి. హ్యాండ్లూమ్ మార్క్ వేరు, ఖాదీ మార్క్ వేరు. 2013 నిబంధనల ప్రకారం ఖాదీ అని అమ్మే బట్టకి ఖాదీ మార్క్ ఉండాలి. ట్యాగు చూశాక బట్టని ఓసారి వెలుగుకి పట్టండి. చేతి నూలు అక్కడక్కడ కాస్త లావెక్కి, మళ్లీ సన్నబడుతుంది. అమ్మ ఆ లావు పోగు మీద వేలు పెట్టి, "ఇక్కడ ఎవరో పిలిచుంటారు, పరాకయిపోయింది" అనేది.