పాత స్టార్ వార్స్ గేములను ఇప్పటి కంప్యూటర్‌లో ఆడటం ఎలా?

పాత గేమ్ ఎలాగోలా తెరుచుకుంటే చాలు అనుకుంటారు చాలామంది. తీరా ఆడబోతే బొమ్మ అడ్డంగా సాగిపోయి ఉంటుంది, సంగీతం పేలవంగా వినిపిస్తుంది, ఫైట్ అయిపోయాక హీరో నిలబడ్డచోటే బిగుసుకుపోతాడు. దాంతో 'అప్పట్లో గొప్పేమో, ఇప్పుడు ఆడలేం' అని పక్కన పెట్టేస్తారు. నాకు బాధనిపించేది అక్కడే. వేగం, బొమ్మ ఆకారం, సంగీతం, ఈ మూడూ కుదిరితే లూకాస్‌ఆర్ట్స్ సంస్థ 1990లలో, 2000ల మొదట్లో తెచ్చిన స్టార్ వార్స్ గేములు ఇవాళ్టికీ కట్టిపడేస్తాయి. వాటిని ఎలా కుదుర్చుకోవాలో విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం చెబుతాను.

1. ముందు గేమ్ వయసు చూడండి

అన్ని పాత గేములకూ ఒకటే మందు లేదు. ఎక్స్-వింగ్ (1993), టై ఫైటర్ (1994), డార్క్ ఫోర్సెస్ (1995) డాస్ కాలం నాటివి, అంటే విండోస్ 95కు ముందు వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసినవి. జేడీ నైట్ (1997), ఎక్స్-వింగ్ అలయన్స్ (1999) విండోస్ 95, 98 కోసం చేసినవి. జేడీ అవుట్‌కాస్ట్ (2002), జేడీ అకాడమీ, నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ (రెండూ 2003) ఎక్స్‌పీ నాటివి. ఒక్కో కాలానికి ఒక్కో దారి.

చాలామంది చేసే మొదటి పని, ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి కంపాటిబిలిటీ మోడ్ (పాత విండోస్‌లా నడిపించే సెట్టింగ్) పెట్టడం. డాస్ గేముకు దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. 64 బిట్ విండోస్‌లో డాస్ గేముల్లాంటి 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, ఏ మోడ్ పెట్టినా అంతే.

2. కొనండి, సరైన చోట ఇన్‌స్టాల్ చేయండి

పైన చెప్పిన గేములన్నీ జీఓజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో దొరుకుతాయి. సేల్ వచ్చినప్పుడు బాగా తగ్గుతాయి. నేనైతే జీఓజీ వైపే మొగ్గుతాను. కాపీ ప్రొటెక్షన్ ఉండదు, ఇన్‌స్టాలర్‌ను దించుకుని దాచుకోవచ్చు. పైగా అక్కడ టై ఫైటర్ ఒకసారి కొంటే డాస్ వెర్షన్, 1998 నాటి విండోస్ వెర్షన్ రెండూ వస్తాయి.

ఇంట్లో పాత సీడీలు ఉంటే వాటినే వాడొచ్చు కదా అనిపిస్తుంది. రెండు అడ్డంకులున్నాయి. 90ల నాటి సీడీల్లో గేమ్ 32 బిట్‌ది అయినా సెటప్ ప్రోగ్రామ్ 16 బిట్‌ది అయి ఉండొచ్చు. అప్పుడు ఇన్‌స్టాలేషనే మొదలవదు. 2000ల మొదటి ఏళ్లలోని చాలా డిస్కుల మీద సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. దాని డ్రైవర్ వల్ల భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి తీసేసింది. అందుకే డిస్కు చెక్కుచెదరకుండా ఉన్నా గేమ్ తెరుచుకోదు. ఇలాంటప్పుడు ఎక్కడిదో క్రాక్ ఫైలు దించుకుని నడపొద్దు. వైరస్‌లు వచ్చే దారి అదే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ ఎంచుకోకండి. సీ డ్రైవ్‌లో గేమ్స్ అని విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో వేయండి. పాత గేములు సేవ్ ఫైళ్లను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలా రాయడానికి విండోస్ ఒప్పుకోదు, వాటిని వర్చువల్ స్టోర్ అనే దాచిన ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. మీరు ఒకచోట మార్పులు చేస్తుంటే గేమ్ ఇంకోచోట చదువుతూ ఉంటుంది.

3. టై ఫైటర్: డాస్ వెర్షనే ఆడండి

ఇది అంతరిక్ష ఓడల యుద్ధాల గేమ్. 1998 వెర్షన్‌లో ఓడలు నున్నగా, మెరుగ్గా కనిపిస్తాయి. అయినా మొదటిసారి ఆడేవాళ్లకు నేను 1995 నాటి డాస్ సీడీ వెర్షనే చెబుతాను. కారణం సంగీతం. లూకాస్‌ఆర్ట్స్‌లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ ఐమ్యూజ్ అనే పద్ధతి తయారుచేశారు. ఆటలో జరిగేదాన్ని బట్టి బాణీ ఎక్కడా తెగకుండా మారిపోతుంది. శత్రువుకు అదనపు బలగం వచ్చిందంటే మీ కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. 1998 వెర్షన్‌లో ఇది తీసేసి, రికార్డు చేసిన సినిమా సంగీతం పెట్టారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మీ యుద్ధంతో దానికి సంబంధం ఉండదు.

డాస్ గేములు నడవడానికి డాస్‌బాక్స్ కావాలి. అది ఆ కాలపు కంప్యూటర్‌ను, సౌండ్ కార్డుతో సహా, సాఫ్ట్‌వేర్‌లోనే సృష్టిస్తుంది. జీఓజీ ఇన్‌స్టాలర్ దాన్ని తనతోనే తెస్తుంది కాబట్టి మొదట అలాగే ఆడి చూడండి. ఆ తర్వాత కిందివి సరిచేసుకోండి.

వేగం: గేమ్ ఫోల్డర్‌లో డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. సైకిల్స్ అనే వరుసలో ఫిక్స్‌డ్ 20000 అని పెట్టి మొదలుపెట్టండి. దాదాపు 486 కంప్యూటర్ వేగం అది. పెద్ద యుద్ధంలో బొమ్మ తడబడితే కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కి పెంచండి. శబ్దం ముక్కలవుతుంటే మీ కంప్యూటర్‌కు భారం ఎక్కువైందని అర్థం, కంట్రోల్, ఎఫ్11తో తగ్గించండి.

సంగీతం: ఈ బాణీలు మిడి రూపంలో ఉంటాయి, అంటే రికార్డు కాదు, ఏ వాయిద్యం ఏ స్వరం పలకాలో చెప్పే సూచనలు. విండోస్‌లో ఉండే మిడి సింథసైజర్ వీటికి న్యాయం చేయలేదు. డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే కొత్త వెర్షన్ దించుకోండి, ఉచితమే. మిడి డివైస్ దగ్గర ఫ్లూయిడ్‌సింత్ అని పెట్టి, మంచి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల ధ్వనులుండే) ఫైలు ఒకటి దాని సౌండ్‌ఫాంట్స్ ఫోల్డర్‌లో వేయండి. గేమ్ సొంత సెటప్‌లో జనరల్ మిడి ఎంచుకోండి. తేడా మొదటి మిషన్‌లోనే వినిపిస్తుంది.

జాయ్‌స్టిక్: డాస్‌బాక్స్ తెరవకముందే తగిలించండి. ఓడ తనంతట తాను ఒక పక్కకు జారిపోతుంటే జాయ్‌స్టిక్ సెట్టింగ్స్‌లో టైమ్డ్ అనే వరుసను ఫాల్స్ చేయండి. జాయ్‌స్టిక్ లేకపోతే గేమ్‌ప్యాడ్ ఎడమ స్టిక్ సరిపోతుంది. డాస్ వెర్షన్‌లో మౌస్‌తో కూడా ఓడ నడపొచ్చు. 1998 వెర్షన్ మాత్రం జాయ్‌స్టిక్ లేనిదే కదలదు. వేగానికి కీబోర్డే వాడాలి: బ్యాక్‌స్పేస్ నొక్కితే పూర్తి వేగం, ఎంటర్ నొక్కితే మీరు గురిపెట్టిన ఓడ వేగంతో సమానం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎఫ్9 ఈ గేములో లేజర్‌లకు శక్తి మళ్లించే మీట, మాటిమాటికీ వాడతారు. కంట్రోల్‌తో కలిపి ఎఫ్9 నొక్కితే మాత్రం డాస్‌బాక్స్ ఏమీ అడగకుండా అక్కడికక్కడే మూసుకుపోతుంది. అరగంట మిషన్ పోయినట్టే. డాస్‌బాక్స్ కీమ్యాపర్‌లో (మీటల పనులు మార్చే చోటు) ఆ షార్ట్‌కట్‌ను ముందే తీసేయండి.

4. డార్క్ ఫోర్సెస్: కొత్త ఇంజిన్‌తో

దీన్ని కూడా డాస్‌బాక్స్‌లో ఆడొచ్చు. 320 బై 200 చుక్కల బొమ్మను ఆ రోజుల్లో 4:3 మానిటర్ నిలువుగా కాస్త సాగదీసి చూపించేది, గేమ్ కళాకారులు గీసింది దానికి తగ్గట్టే. అందుకే డాస్‌బాక్స్‌లో యాస్పెక్ట్ అనే వరుస ట్రూ అని ఉండాలి. లేకపోతే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. స్టేజింగ్ వెర్షన్ ఇది తనంతట తానే చూసుకుంటుంది.

అయితే దీనికి ఇంకా మంచి దారి ది ఫోర్స్ ఇంజిన్. ఇంజిన్ అంటే గేమ్‌ను లోపల నడిపించే ప్రోగ్రామ్. అభిమానులు పాత ఇంజిన్‌ను విడదీసి అర్థం చేసుకుని, అదే నడవడికతో కొత్తగా రాశారు. మొదటి పూర్తి వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది. మీరు కొన్న గేమ్ ఎక్కడుందో చూపిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. వైడ్‌స్క్రీన్ వస్తుంది, మౌస్‌తో పైకీ కిందకీ చూడొచ్చు, ఐమ్యూజ్ సంగీతం అలాగే ఉంటుంది. నైట్‌డైవ్ సంస్థ 2024లో తెచ్చిన రీమాస్టర్ కూడా బాగుంది. కానీ పాత కాపీ ఇప్పటికే ఉన్నవాళ్లు మళ్లీ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

5. విండోస్ 95, 98 నాటి గేములు

ఇక్కడ రంగులు చెదిరిపోవడం, నల్లటి తెర రావడం మామూలు. బొమ్మలు గీయడానికి ఆ గేములు వాడిన పాత డైరెక్ట్ఎక్స్ పద్ధతులను ఇప్పటి విండోస్ అరకొరగానే మోస్తోంది. మధ్యలో దుబాసిలా డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను కూర్చోబెట్టాలి. దాని జిప్ ఫైలులో ఎంఎస్ ఫోల్డర్, దాని లోపల ఎక్స్86 ఫోల్డర్ ఉంటాయి. అక్కడి డీడ్రా, డీత్రీడీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లను గేమ్ ఈఎక్స్ఈ పక్కన పెట్టండి. మీ విండోస్ 64 బిట్ అయినా సరే ఎక్స్86వే తీసుకోవాలి, ఎందుకంటే గేమ్ 32 బిట్‌ది. గేమ్ తెరిచినప్పుడు మూలన డీజీవూడూ గుర్తు కనిపిస్తే పని జరిగినట్టే. తర్వాత దాని కంట్రోల్ ప్యానెల్‌లో వాటర్‌మార్క్ టిక్ తీసేయండి.

జేడీ నైట్‌కు ఓపెన్‌జేకేడీఎఫ్2 అనే కొత్త ఇంజిన్ కూడా ఉంది. ఎక్స్-వింగ్ అలయన్స్ కొన్నవాళ్లు దాని మీద టై ఫైటర్ టోటల్ కన్వర్షన్ అనే అభిమానుల మార్పును వేసుకుంటే, పాత టై ఫైటర్ మిషన్లన్నీ కొత్త బొమ్మలతో ఆడొచ్చు. డాస్ వెర్షన్ పూర్తి చేశాక దాని దగ్గరికి వెళ్లండి.

6. 2000ల గేములు

జేడీ అకాడమీకి ఓపెన్‌జేకే వాడండి. 2013 ఏప్రిల్‌లో డిస్నీ లూకాస్‌ఆర్ట్స్‌ను మూసేసినప్పుడు, రావెన్ సంస్థ తను చేసిన రెండు జేడీ గేముల సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. దాని మీద కట్టిందే ఇది. ఫైళ్లను గేమ్‌డేటా ఫోల్డర్‌లో వేసి, కొత్త ఈఎక్స్ఈతో తెరవాలి. లినక్స్‌లోనూ నడుస్తుంది.

నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌కు కాస్త ఓపిక కావాలి. ఫైట్ కాగానే హీరో కదలకపోవడం దీని పేరుమోసిన జబ్బు. సెకనుకు 60 ఫ్రేములు దాటితే ఇలా జరుగుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో వీ-సింక్ పెట్టండి, అది ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టేస్తుంది. మీ మానిటర్ 120 లేదా 144 హెర్ట్జ్‌ది అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాన్ని 60కి దించండి. మధ్యలో ఆగిపోతుంటే ఫ్రేమ్ బఫర్ ఎఫెక్ట్స్, సాఫ్ట్ షాడోస్ ఆపేయండి. అప్పటికీ కుదరకపోతే గేమ్ ఐఎన్ఐ ఫైలులో గ్రాఫిక్స్ ఆప్షన్స్ కింద 'డిసేబుల్ వెర్టెక్స్ బఫర్ ఆబ్జెక్ట్స్' అనే వరుసను ఇంగ్లిష్‌లో రాసి, విలువ 1 ఇవ్వండి. ఏ ఫైలు ముట్టుకున్నా ముందు దాని కాపీ పక్కన పెట్టుకోండి.

2005లో కంప్యూటర్‌కు వచ్చిన రెండో భాగం అంత మొండిది కాదు. 2015 అప్‌డేట్‌తో వైడ్‌స్క్రీన్ అందులోనే వచ్చింది. కానీ హడావుడిగా విడుదల చేయడం వల్ల ఆ కథలో చాలా భాగం కోతపడింది. ఆ ముక్కలు ఫైళ్లలోనే మిగిలిపోతే, అభిమానులు ఏళ్ల తరబడి కూర్చుని వాటిని తిరిగి అతికించారు. రిస్టోర్డ్ కంటెంట్ మాడ్ అంటే అదే. అది లేకుండా ఈ గేమ్ ఆడొద్దని గట్టిగా చెబుతాను. తాజాగా ఇన్‌స్టాల్ చేసిన గేమ్ మీద, మిగతా మాడ్‌లన్నిటికన్నా ముందు దీన్ని వేసి, కొత్త ఆట మొదలుపెట్టండి. పాత సేవ్‌లు దీనితో సరిగా కలవవు.