సరుకుల బడ్జెట్ ఏ తేదీకి తప్పుతోంది? సమస్య - పరిష్కారం

నెల సరుకుల బడ్జెట్ దాటిపోతే చాలా ఇళ్లలో మొదట చేసే పని కోత పెట్టడం. జీడిపప్పు మానేస్తారు, నెయ్యి తగ్గిస్తారు, పిల్లల బిస్కెట్ల మీద పడతారు. రెండు నెలలు గడిచేసరికి మళ్లీ మామూలే. డబ్బు వేరేచోట పోతుంటే ఇక్కడ కోసి లాభం లేదు. ఎక్కడ పోతోందో పట్టుకోవాలంటే ముందు తేదీ చూడాలి. ఒకటో తేదీనే తక్కువ పడే ఇంటి జబ్బు వేరు, ఇరవయ్యో తేదీకి చేతులెత్తేసే ఇంటి జబ్బు వేరు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

లెక్క తేలిగ్గా ఉండడానికి విశాఖలో నలుగురున్న ఇల్లు, నెలకు 9,000 రూపాయల సరుకుల బడ్జెట్ అనుకుందాం. మీ అంకె వేరైతే అదే పద్ధతిలో మార్చుకోండి.

ఒకటో తేదీనే డబ్బు తక్కువ పడుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కిరాణా షాపులో ఖాతా. పోయిన నెల బాకీ ఈ నెల డబ్బుతో తీరుస్తున్నారు. 2,400 బాకీ ఉంటే మీ బడ్జెట్ 9,000 కాదు, 6,600. ఆ తక్కువతో నెల గడవక మళ్లీ ఖాతా రాయిస్తారు.

బాకీ మొత్తం ఒకేసారి కట్టేయాలని చూడకండి. షాపాయనతో మాట్లాడి నెలకు 800 చొప్పున మూడు నెలల్లో తీర్చండి. ఆ 800 సరుకుల డబ్బులోంచి తీయకుండా అప్పుల లెక్కలో వేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ మూడు నెలలూ ఖాతా పుస్తకంలో కొత్త గీత పడకూడదు. ఎప్పటి నుంచో తెలిసిన షాపు అయితే ఈ మాట చెబితే కాదనరు. బాకీ తీరడం వాళ్లకూ కావాల్సిందే.

మొదటి వారంలోనే సగానికి పైగా అయిపోతోంది

ఇది చాలాసార్లు సమస్యే కాదు. బియ్యం, పప్పులు, నూనె, చింతపండు నెల మొదట్లో కొంటే 5,000 దాకా పోవడం సహజం. ఏడెనిమిది వేలు దాటితేనే చూడాలి. అలా దాటితే సూపర్ మార్కెట్ బిల్లు తీసి, జాబితాలో రాసుకోకుండా కొన్నవాటికి టిక్ పెట్టండి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్న షాంపూ, మూడు నెలలకు సరిపడా నూడుల్స్ అక్కడే కనిపిస్తాయి. ఆఫర్ సరుకు నెలాఖరులోపు వాడేసేదైతే కొనండి, లేదంటే వద్దు.

ఇరవయ్యో తేదీకి చేతిలో డబ్బు లేదు, డబ్బాల్లో మాత్రం సరుకు ఉంది

ఎక్కువ ఇళ్ల బాధ ఇదే. బియ్యం ఉంది, పప్పు ఉంది, నూనె సగం క్యాన్ ఉంది. అయినా తొమ్మిది వేలూ అయిపోయాయి.

ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆ నెల చెల్లింపులు పైనుంచి కిందికి ఒకసారి చూడండి. పెద్ద మొత్తాలు ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ 40, 85, 120, 160. సందు చివర కిరాణా, పాల బూత్, కూరగాయల బండి, మళ్లీ కిరాణా. దేనికది విడిగా చూస్తే తప్పనిపించేది ఒక్కటీ ఉండదు. సాయంత్రం పెరుగు ప్యాకెట్ కోసం దిగినవాళ్లు పక్కనే ఉన్న చేగోడీలు, ఒక బ్రెడ్, పిల్లాడు అడిగిన చాక్లెట్ కూడా పట్టుకొస్తారు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లైతే ఇంకోలా లాగుతాయి. కొత్తిమీర కట్ట కోసం తెరిస్తే, డెలివరీ ఛార్జీ పడకూడదని ఇంకో నూట యాభై రూపాయల సరుకు కలుపుతాం. రోజుకు 60 రూపాయలు ఇలా అదనంగా పోయినా నెలకు 1,800. తొమ్మిది వేలలో ఐదో వంతు!

పరిష్కారం: నెల బడ్జెట్‌ను నెల బడ్జెట్‌గా ఉంచకండి. ముప్ఫై రోజుల డబ్బు ఒకేచోట కనిపిస్తుంటే పదో తేదీన ఎవరికీ టెన్షన్ ఉండదు, ఖర్చు పెడుతూనే ఉంటాం. 9,000ను ఇలా విడగొట్టండి: నెల మొదటి సరుకులకు 5,000, పాలు కాక కూరగాయలు, పెరుగు, గుడ్లు, చిల్లర సరుకులకు 3,250, చేతి కింద 750.

ఆ 3,250ని వారాలుగా పంచితే నాలుగు వారాలకు 28 రోజులే అవుతుంది. చివరి రెండు మూడు రోజులు ఖాళీగా మిగిలిపోతాయి, చాలామంది బడ్జెట్ సరిగ్గా అక్కడే తప్పుతుంది. అందుకే ఆరు రోజులకో కవరు, మొత్తం ఐదు కవర్లు, ఒక్కోదాంట్లో 650. ఆరు రోజులంటే కూరగాయలు ఫ్రిజ్‌లో నిలవుండే కాలం కూడా. కవరు మార్చిన రోజే రైతు బజారుకు వెళ్తే రెండు పనులూ కలిసొస్తాయి.

నగదు వాడటం కుదరకపోతే యూపీఐ లైట్ (ఫోన్‌పే, గూగుల్ పేల్లోనే చిల్లర చెల్లింపులకు విడిగా డబ్బు వేసుకునే చోటు) పెట్టుకోండి. అందులో 5,000 వరకు వేసుకోవచ్చు, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. ఆరు రోజులకోసారి 650 వేసి, దానంతట అది నిండే ఆటో టాప్ అప్‌ను ఆపేయండి. ఆపకపోతే ఈ పద్ధతికి అర్థమే లేదు. లైట్‌లో డబ్బు అయిపోయిందంటే కవరు అయిపోయినట్టే. మెయిన్ ఖాతా నుంచి కట్టకూడదన్న కట్టుబాటు ఒక్కటి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే చాలు.

యాప్‌లో కొనేది ఉంటే పొద్దున కార్ట్‌లో వేసి రాత్రి దాకా వదిలేయండి. రాత్రికి కూడా కావాలనిపించినవే తెప్పించండి.

డబ్బు ఎప్పటిలాగే పెట్టాం, సరుకు మాత్రం ముందే అయిపోయింది

ఇంట్లో ఎక్కువ తింటున్నారని ఒకరినొకరు అనుకునే ముందు ప్యాకెట్లు తిప్పి చూడండి.

నూనెతో మొదలుపెడదాం. లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. షాపులో లీటరు ప్యాకెట్ పక్కనే, చూడటానికి అదే సైజులో 850, 800 గ్రాముల ప్యాకెట్లు ఉంటాయి. పది రూపాయలు తక్కువని 850 గ్రాములవి ఐదు తెస్తే ఇంటికి వచ్చింది 4,250 గ్రాములు. ఐదు లీటర్లంటే 4,550. మూడు వందల గ్రాముల నూనె అసలు ఇంటికే రాలేదు, వంటింట్లో ఎవరూ ఎక్కువ పోయలేదు. ఇప్పుడు ఎమ్మార్పీ పక్కన గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. పోల్చాల్సింది ఆ చిన్న అక్షరాల అంకెని. సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి, డిటర్జెంట్ అన్నింటిలోనూ ఇదే జరుగుతోంది: ధర అదే ఉంటుంది, లోపల బరువు తగ్గుతుంది.

బియ్యంలో ఇంకో తేడా ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాతే 26 కిలోల బస్తాలు ఎక్కువగా కనిపించడం మొదలైంది. ఒక షాపులో 25, ఇంకో షాపులో 26 ఉన్నప్పుడు బస్తా ధరలు పోల్చి లాభం లేదు, కిలోకి ఎంతో లెక్క కట్టండి. రోజుకు 800 గ్రాములు వండే ఇంట్లో 26 కిలోలు 32 రోజులు వస్తాయి. 25 కిలోలైతే 31. మీకు 26 రోజులకే అయిపోతోందంటే రోజుకు కిలో వండుతున్నారన్నమాట. గ్లాసుతో కాకుండా ఒక్కసారి తూకం వేసి చూడండి.

కొత్త బియ్యమా పాత బియ్యమా అన్నది కూడా అడగాలి. ఖరీఫ్ పంట కోతలయ్యాక వచ్చే కొత్త బియ్యం ముద్దయిపోతాయి, ఒదగవు. అవే నాలుగు గ్లాసులు పోసినా అందరికీ చాలదు. కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కువైనా ఆరు నెలలు దాటిన బియ్యమే లెక్కకు చవక.

చేపలు, చికెన్ దగ్గర కూడా తూకం గమనించండి. ఫిషింగ్ హార్బర్‌లోనైనా, వీధిలోకి తట్ట తెచ్చే ఆమె దగ్గరైనా చేపను కోయకముందే తూచి డబ్బు తీసుకుంటారు. తల, పొట్ట, పొలుసు తీశాక మిగిలిన ముక్కల ధర ఎంత పడిందో లెక్కేస్తే వంజరం కంటే కానాగంతలు, కవళ్లు చాలా ఇళ్లకు సరిపోతాయని తెలుస్తుంది. చికెన్‌లో లైవ్ రేటు, స్కిన్‌తో రేటు, స్కిన్‌లెస్ రేటు మూడూ వేరు. బోర్డు మీద రాసింది ఏదో అడిగి కొనండి.

వీటన్నిటికీ కలిపి ఒకే పరికరం చాలు: స్కెచ్ పెన్. బస్తా విప్పిన రోజు, నూనె క్యాన్ తెరిచిన రోజు, కందిపప్పు డబ్బా నింపిన రోజు దాని మీదే తేదీ రాయండి. రెండు నెలల్లో మీ ఇంటికి ఏది ఎన్ని రోజులు వస్తుందో మీకే తెలిసిపోతుంది. ఏ యాప్ కంటే ఇదే నమ్మకమైన లెక్క అని నా అభిప్రాయం.

ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే, కూలింగ్ ఛార్జీ అన్నా సరే, ఇవ్వక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

కొన్నవి పారేస్తున్నాం

కూరగాయలైతే కారణం సంచి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గాజువాక, ఎక్కడి రైతు బజారైనా గేటు దాటాక చవకగా కనిపించేసరికి సంచి నిండేదాకా కొంటాం. ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి పొద్దున్నే వచ్చిన తాజా ఆకుకూర చూస్తే నాలుగు కట్టలు తీసుకోకుండా ఉండలేం. రెండు వండుతాం, రెండు పసుపెక్కి పోతాయి. ముందు ఆరు రోజుల కూరలు కాగితం మీద రాసుకోండి. ఆకుకూర మొదటి రెండు రోజులకు, వంకాయ, బెండకాయ మధ్యలో, దుంపలు, దోసకాయ, గుమ్మడికాయ చివరికి. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల బోర్డు చూసి, తర్వాత బుట్టల దగ్గరకు వెళ్లండి.

దూరం కూడా ఖర్చే. పూర్ణా మార్కెట్‌లో ఎండుమిర్చి, పప్పులు, మసాలా దినుసులు టోకుగా దొరుకుతాయి. కానీ మధురవాడ నుంచి ఆటోలో వెళ్లొస్తే మిగిలింది ఛార్జీకే సరి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి మూడు నెలలకోసారి వెళ్తేనే గిట్టుబాటు.

పొడి సరుకులు పాడైతే దానికి మన సముద్రపు గాలి కారణం. ఇక్కడి తేమకు ఉప్పు చెమరుస్తుంది, అప్పడాలు మెత్తబడతాయి, రవ్వకు నెల తిరగకుండానే పురుగు పడుతుంది. రవ్వ, శనగపిండి, మైదా అరకిలో మించి కొనకండి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి పెడితే నిలవుంటుంది. కందిపప్పు ఎక్కువ కొంటే ఎండలో పోసి, కాస్త ఆముదం పట్టించి దాచే పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

కొన్ని నెలల్లో మాత్రమే దాటుతోంది

పన్నెండు నెలలకూ ఒకే అంకె పెట్టుకోవడం వల్ల వచ్చే సమస్య ఇది. విశాఖ ఇంటికి ఏడాదిలో కొన్ని నెలలు ఖరీదైనవే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో చేపల వేటపై నిషేధం. ఇంజిన్ బోట్లు కదలవు, సముద్రపు చేప తగ్గిపోయి ధర ఎక్కుతుంది. ఎండలకు కోళ్లు చనిపోయి చికెన్ కూడా పెరుగుతుంది. సరిగ్గా అదే సమయంలో ఆవకాయ ఖర్చు: కారం, ఆవపిండి, పప్పునూనె, మామిడికాయలు. మార్చిలోనే ఎండు నెత్తళ్లు కొంచెం పెట్టుకుని, ఆ రెండు నెలలు గుడ్లు, చెరువు చేపలతో సర్దుకుంటే భారం తగ్గుతుంది. ఆవకాయ మాత్రం ఏడాదంతా తినేది కదా, దాన్ని మే నెల ఖర్చుగా రాయడమే తప్పు. దసరా, దీపావళి, మార్గశిర గురువారాలు, సంక్రాంతి అరిసెల బెల్లం, అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ఒకచోట రాసి పన్నెండుతో భాగించండి. 6,000 అయితే నెలకు 500. అది సరుకుల డబ్బులో కలవకుండా వేరే డబ్బాలో ఉండాలి.

కొత్త చింతపండు వేసవిలో వస్తుంది, అప్పుడే ఏడాదికి కొనుక్కోవడం మేలు. గిరిజన కార్పొరేషన్ అమ్మకం షాపుల్లో కూడా చూడండి. 2023 జూలై, ఆగస్టుల్లో టమాటా కిలో వంద దాటి ఎగబాకినప్పుడు చింతపండు, గోంగూరతో పప్పు వండుకున్న ఇళ్లు పెద్దగా ఇబ్బంది పడలేదు. కార్తీకంలో చికెన్ దిగి కూరగాయలు ఎక్కుతాయి, ఆ నెల 650 కవరుకు మరో వంద కలపండి.

ఇక తుపాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నగరాన్ని కొట్టాక కరెంటు లేక, పాలు, కూరగాయలు దొరక్క, దొరికినచోట రెట్టింపు ధరలు పెట్టి కొన్నారు. సెప్టెంబర్ నాటికే వారానికి సరిపడా బియ్యం, పప్పు, పాలపొడి, ఉల్లిపాయలు, కొంత నగదు అదనంగా ఉంచుకోండి. చేతి కింద పెట్టమన్న 750లో మిగిలింది జూన్ నుంచి దీనికే మళ్లించవచ్చు.

లెక్క రాస్తున్నాం, అయినా కలవడం లేదు

పాల బిల్లు, గ్యాస్, సబ్బులు, పూజ సామాన్లు కొన్ని నెలలు సరుకుల్లో, కొన్ని నెలలు బయట రాస్తుంటారు. ఏది లోపలో ఏది బయటో ఒకసారి నిర్ణయించి మార్చకండి. పాలు వేరుగా రాయడమే నయం, రోజూ ఒకే ఖర్చు కాబట్టి.

ఇంకో కారణం, ఇంట్లో ముగ్గురు కొంటారు, ఒకరే లెక్క రాస్తారు. అత్తగారు గుమ్మం ముందు బండి దగ్గర కొన్న అరటికాయలు, ఆయన ఆఫీసు నుంచి వస్తూ తెచ్చిన పళ్లు ఎవరి లెక్కలోకీ రావు. కవరు ఎక్కడుందో అందరికీ తెలియాలి, ఎవరు కొన్నా అందులోంచే తీయాలి. పెద్దవాళ్లను లెక్క అడిగినట్టు కాకుండా, "అత్తయ్యా, కూరల డబ్బులు ఇందులో పెట్టాను, మీరూ ఇందులోంచే తీసుకోండి" అంటే చాలు.

అన్నీ సరిచేశాక కూడా దాటుతోంది

మూడు నెలలు ఇవన్నీ చేసి కూడా తప్పుతుంటే మీ అంకె పాతది. 2024 సెప్టెంబర్‌లో ముడి వంటనూనెల దిగుమతి సుంకం పెంచాక నూనె ధర ఎలా ఎగిసిందో గుర్తుండే ఉంటుంది. అలాంటి పెరుగుదలను ఏ పొదుపూ పూడ్చలేదు. పోయిన ఏడాది ఇదే నెల బిల్లు తీసి, అవే పది సరుకులు అదే బరువుకు ఇప్పుడు ఎంతో పక్కన రాయండి. వచ్చిన తేడాను బడ్జెట్‌లో కలిపి, కవర్ల లెక్క మళ్లీ కట్టండి.