అరకు బస్సు యాత్రలో కొత్త దంపతులు ఒక రోజును ఎలా గడపాలి?

విశాఖపట్నం నుంచి అరకు లోయ సుమారు 115 కిలోమీటర్ల దూరం. ఉదయాన్నే బయలుదేరి రాత్రికి తిరిగి చేర్చే బస్సు యాత్రలో రానూ పోనూ దారికే బోలెడంత సమయం పోతుంది కాబట్టి, పట్టికలో రాసిన ప్రదేశాలన్నింటినీ తీరిగ్గా చూడడం ఎవరివల్లా కాదు. ఏ రెండు చోట్ల నిదానంగా గడపాలో ఇద్దరూ ముందురోజే మాట్లాడుకుని, మిగిలినవి వీలైనంత మేరకు చూసి సరిపెట్టుకోవడం మేలు. నన్నడిగితే ఆ రెండూ బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు.

1. టికెట్టు తీసుకునే ముందు అడగవలసినవి

బస్సు ఏ వరుసలో ఎక్కడెక్కడ ఆగుతుందో, గుహల ప్రవేశ రుసుమూ భోజనమూ టికెట్టులోనే కలిశాయో లేదో కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యంగా బొర్రా దగ్గర ఎంతసేపు ఆపుతారో అడగండి. గంటకు తక్కువని చెబితే మరో బస్సు చూసుకోవచ్చు. వెళ్ళేటప్పుడు అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలులో, వచ్చేటప్పుడు బస్సులో తీసుకువచ్చే యాత్రలు కూడా ఉన్నాయి. సొరంగాలు దాటుకుంటూ కొండ ఎక్కే ఆ ప్రయాణం దొరికితే వదులుకోకండి. కార్తీక మాసపు ముహూర్తాల్లో పెళ్ళయినవారికి ఒక అదృష్టం ఉంది: ఆ రోజుల్లో లోయలో వలిస అనే నూనెగింజల పంట చేలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి.

2. సీటు, దుస్తులు

శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపుల్లో వెనక సీట్ల కుదుపు ఎక్కువ కాబట్టి ముందు వరుసల్లోనే సీట్లు అడగండి. కడుపులో తిప్పుతున్నా కొత్త మనిషితో చెప్పడానికి మొహమాటపడి ఓర్చుకునేవారు చాలామంది ఉంటారు. అందుకే ఈ సంగతి బస్సు ఎక్కకముందే ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి. ఉదయం ఇడ్లీలాంటి తేలికైన ఫలహారం చాలు; మాత్ర వేసుకునే అలవాటున్నవారు ఘాట్ మొదలవడానికి ముందే వేసుకోవాలి.

పట్టుచీర ఫొటోలో బాగుంటుంది గాని గుహల్లోని తడి మెట్ల మీద కాళ్ళకు అడ్డం పడుతుంది. కొత్త మెట్టెలతో బిగుతైన బూట్లు వేసుకుంటే వేళ్ళు ఒరుసుకుపోతాయి కాబట్టి, పట్టు జారని, వేళ్ళకు వదులుగా ఉండే పాత చెప్పులే మంచివి. పెళ్ళి నగల్లో రోజూ వేసుకునేవి తప్ప మిగిలినవి ఇంట్లోనే ఉంచి రండి.

3. బొర్రా గుహల్లో

బస్సు దిగగానే చేతిలోని తినుబండారాలు సంచిలో పెట్టేయండి, కోతులు కనిపెట్టుకుని ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే అందరూ ద్వారం దగ్గరే ఫొటోలకు ఆగిపోతారు. మీరు ఆగకుండా నేరుగా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చేటప్పుడు ఫొటోలు తీసుకుంటే తోపులాట తప్పుతుంది.

సున్నపురాయిని నీరు కొద్దికొద్దిగా కరిగించగా ఈ గుహలు ఏర్పడ్డాయి. పైకప్పు నుంచి కారే చుక్క తనలో కరిగిన సున్నాన్ని కొంత పైన, కొంత నేల మీద వదిలిపోవడం వల్లే, పైనుంచి వేలాడేవీ కిందినుంచి లేచేవీ అయిన రాతి ఆకారాలు వేల ఏళ్ళలో పెరిగాయి. ఇక్కడి శివలింగానికి భక్తులు పూజలు చేస్తారు. గైడు చూపించే ప్రతి ఆకారంలోనూ ఆయన చెప్పిన బొమ్మ మీకు కనిపించకపోతే బాధపడనక్కర లేదు. ఇద్దరికీ ఏమేం తోస్తుందో చెప్పుకోవడం అంతకన్నా సరదాగా ఉంటుంది. దిగడం సులువే, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి బస్సు సమయానికి కొంచెం ముందే వెనుదిరగండి.

4. కాఫీ తోటల దగ్గర

అనంతగిరి ప్రాంతంలో పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు పెరుగుతాయి, ఆ చెట్లకే మిరియాల తీగలు అల్లుకుంటాయి. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంటికి పొడి కొనేటప్పుడు అందులో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత కలిపారో అడగండి. గాలికొండ దగ్గర బస్సు ఆపితే, సెల్ఫీల గుంపుకు కాస్త ఎడంగా నిలబడి లోయను చూడండి.

5. అరకులో

గిరిజన మ్యూజియం చూడదగ్గదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన పద్మాపురం తోటను మాత్రం ఒక చుట్టు తిరిగితే చాలు. థింసా నాట్యం చేసే స్త్రీలు రమ్మని పిలిస్తే సిగ్గుపడకుండా వరుసలో కలవండి. అడుగులు త్వరగానే పట్టుబడతాయి. వెదురు బొంగులో కూర్చి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ అప్పటికప్పుడు తయారయ్యేది కాదు కాబట్టి, దిగగానే చెప్పి ఉంచాలి. వారంలో ఫలానా రోజు మాంసం ముట్టని నియమం ఇద్దరిలో ఎవరికైనా ఉందేమో ముందే తెలుసుకుని యాత్ర రోజును ఎంచుకోండి.

6. తిరుగు ప్రయాణం

ఘాట్‌లో సెల్‌ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండదు. రెండిళ్ళ పెద్దలూ కంగారుపడకుండా, కొండ దిగేదాకా ఫోన్ కలవకపోవచ్చని అరకులోనే చెప్పేయండి. చలికాలంలో పొద్దుగూకగానే చలి పెరుగుతుంది, మంచు కమ్మితే బస్సు నెమ్మదిగా దిగుతుంది; శాలువాలు పై అరలో కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి. ఆ రాత్రికే విశాఖలో రైలు టికెట్టు తీసుకోవద్దు. ఊరికి బయలుదేరడం మర్నాటికి పెట్టుకోండి.