మల్చింగ్ షీట్, ఆటో స్టీరింగ్: బెడ్లు తేడా కొడితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఆటో స్టీరింగ్ (శాటిలైట్ సిగ్నల్‌ని బట్టి స్టీరింగ్ దానంతటదే తిరిగే ఏర్పాటు) ఉన్న ట్రాక్టర్‌తో బెడ్ల మీద, అంటే ఎత్తుగా కట్టిన మట్టి వరసల మీద, మల్చింగ్ షీట్ (మట్టిని కప్పే ప్లాస్టిక్ షీటు) పరిచాక ఏదైనా తేడా వస్తే చాలామంది ముందు స్క్రీన్ దగ్గరికే వెళ్తారు, ఏవేవో సెట్టింగులు మార్చేస్తారు, దాంతో అసలు తప్పు ఎక్కడుందో ఇంక దొరకదు. దయచేసి ముందు కిందికి దిగి కొలత టేపు పట్టుకోండి. వరసగా 5, 6 బెడ్ల మధ్య దూరాలు కొలిచి రాసుకోండి, చేను ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి. సగం జబ్బులు ఆ కొలతల్లోనే బయటపడిపోతాయి. తప్పు శాటిలైట్‌ది అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు అది వెనక తగిలించిన మిషన్‌లోనో మట్టి పదునులోనో ఉంటుంది.

సమస్య: బెడ్ల మధ్య దూరం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, మళ్ళీ ఎక్కువ, మళ్ళీ తక్కువ

అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఇదే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తా. ట్రాక్టర్ నడి మధ్యకి మల్చింగ్ మిషన్ నడి మధ్య కలవకపోతే, పోయేటప్పుడు బెడ్డు ఒక పక్కకి జరుగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దానికి ఎదురు పక్కకి జరుగుతుంది, అందుకే ఇలా మార్చి మార్చి వస్తుంది. ఎంత జరిగిందో లెక్క తేలికే: ఎక్కువ దూరంలోంచి తక్కువ దూరం తీసేసి 4తో భాగించండి. ఉదాహరణకి 180 సెంటీమీటర్లు రావాల్సిన చోట 188, 172 వస్తున్నాయనుకోండి, తేడా 16, అంటే మిషన్ 4 సెంటీమీటర్లు పక్కకి ఉంది. ఏ పక్కకి అంటే, ఇరుకుగా వచ్చిన సందు వైపుకి.

ఆ 4 స్క్రీన్‌లో, మిషన్ ఎంత పక్కకి ఉందో చెప్పే చోట ఎక్కించేసి పని అయిపోయిందనుకోవద్దు, ఎందుకంటే ఇదే లక్షణం ఇంకో కారణంతో కూడా వస్తుంది. ట్రాక్టర్ పక్కకి ఎంత ఒరిగిందో కొలిచే సెన్సార్ ఉంటుంది కదా, దాని సున్నా సరిగ్గా లేకపోతే కూడా అచ్చం ఇలాగే అవుతుంది. శాటిలైట్ సిగ్నల్ అందుకునే యాంటెనా నేల నుంచి 3 మీటర్ల ఎత్తులో ఉంటే 1 డిగ్రీ తప్పుకే ట్రాక్టర్ నడిచే లైను 5 సెంటీమీటర్లకి పైగా జరిగిపోతుంది. రెండిట్లో ఏదో తెలుసుకోడానికి, మిషన్ పైకెత్తేసి, చదునుగా ఉన్న చోట ఒకే లైను మీద ఆటో స్టీరింగ్‌తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నడపండి. పోయిన చక్రాల అచ్చు మీదే వచ్చిన అచ్చు పడితే ట్రాక్టర్ బాగున్నట్టు, తప్పు మిషన్‌ది. అచ్చులు పక్కపక్కన పడితే తప్పు ట్రాక్టర్ దగ్గరే, యాంటెనా సరిగ్గా మధ్యలో ఉందా చూసి, ఒరుగుడు సెన్సార్‌ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయండి, అంటే దాని సున్నా సరిచేయండి. ఒక చోట ఆపి చక్రాల దగ్గర గుర్తు పెట్టుకుని, వెనక్కి తిప్పి అవే గుర్తుల మీద నిలబెట్టి రెండో రీడింగ్ ఇవ్వాలి, గుర్తుల దగ్గర బద్ధకిస్తే క్యాలిబ్రేషన్ చేసీ లాభం లేదు.

తప్పు మిషన్‌ది అని తేలితే ముందు మిషన్‌ని ఎత్తే లిఫ్ట్ ఆర్మ్‌ల పక్క చైన్లు చూడండి. వదులుగా ఉంటే మిషన్ అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు స్క్రీన్‌లో ఏ నంబర్ పెట్టినా నిలబడదు. చైన్లు రెండు పక్కలా సమానంగా బిగించాక, మట్టి కప్పే డిస్కులు రెండూ ఒకే లోతు, ఒకే కోణంలో ఉన్నాయా చూడండి, ఒకటి లోతుగా దిగితే అది మిషన్‌ని పక్కకి లాగుతూనే ఉంటుంది. ఇవన్నీ అయ్యాక కూడా తేడా మిగిలితే అప్పుడు ఆ అంకె స్క్రీన్‌లో పెట్టండి.

అన్ని దూరాలూ సమానంగా ఉండి, కానీ కావాల్సిన దానికంటే అన్నీ ఎక్కువగానో తక్కువగానో ఉంటే అది చిన్న విషయం, మిషన్ వెడల్పు తప్పుగా ఎక్కించారు, సరిచేస్తే చాలు.

సమస్య: బెడ్డు పాములా మెలికలు తిరుగుతోంది

మల్చింగ్ చేసేది గంటకి 3 నుంచి 5 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి ఇంకా నెమ్మదిగా. ఒకే యాంటెనా ఉన్న సిస్టమ్ ట్రాక్టర్ కదలికని బట్టే అది ఎటు తిరిగి ఉందో లెక్కేసుకుంటుంది, మరీ నెమ్మదిగా పోతే ఆ లెక్క గజిబిజి అవుతుంది. మిషన్ ఎత్తేసి కొంచెం వేగంగా నడిపి చూడండి. అప్పుడూ వంకర పోతుంటే స్టీరింగ్ సెన్సిటివిటీ (స్టీరింగ్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే సెట్టింగు) ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ రండి, ముందు చక్రాల్ని తిప్పే టై రాడ్లలో ఆట ఉందేమో, ముందు టైర్లలో గాలి సమానంగా ఉందేమో కూడా చూడండి. ఎత్తినప్పుడు తిన్నగా పోయి, దింపితేనే వంకర పోతుంటే వేగం ఒక్కటే కారణం అనుకోకండి, బెడ్డు కట్టే మిషన్ బరువుకి, లాగుడుకి ముందు చక్రాలు తేలిపోతున్నాయేమో చూడండి. చక్రానికి నేల మీద పట్టు లేనప్పుడు ఎంత మంచి సిస్టమ్ అయినా ఏం తిప్పుతుంది? ముందు బరువులు వేయండి.

మొదటి కొన్ని మీటర్లే వంకరగా ఉండి తర్వాత తిన్నగా పోతే, తిరిగిన వెంటనే మిషన్ దింపేస్తున్నట్టు. లైను దొరికి చక్రాలు నిలకడ అయ్యాక దింపండి, చేను చివర ఆ మాత్రం జాగా వదులుకోవాలి.

సమస్య: నిన్న పరిచిన బెడ్లు బాగున్నాయి, ఇవాళ నారు వేయడానికి అదే లైను మీద వెళ్తే పక్కకి పోతోంది

కూరగాయల్లో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది, నారు నాటే మిషన్ బెడ్డు మధ్య కాకుండా పక్కన దిగితే షీటు చిరుగుతుంది, కింద ఉన్న డ్రిప్ టేపు కూడా తెగుతుంది.

ముందు సిగ్నల్ ఏదో చూడండి. ఉచితంగా వచ్చే శాటిలైట్ కరెక్షన్ మీద పక్కపక్క సాళ్ళు ఒకే పూటలో బాగానే వస్తాయి, కానీ మర్నాడు అదే గీత మీదకి తిరిగి వచ్చేంత నమ్మకం దానికి ఉండదు. షీటు పరిచి మళ్ళీ అదే బెడ్డు మీదకి రావాలంటే ఆర్‌టీకే (నేల మీద కదలకుండా ఉండే బేస్ స్టేషన్ నుంచి వచ్చే కరెక్షన్) కావాలి, అది 2, 3 సెంటీమీటర్లలో తిరిగి వస్తుంది. అది కూడా స్క్రీన్ మీద ఫిక్స్ (కచ్చితమైన లొకేషన్ దొరికింది) అని చూపిస్తేనే. ఫ్లోట్ (ఇంకా అంచనాలోనే ఉంది) అని చూపిస్తుంటే ఆగండి, చెట్ల పక్కన, షెడ్ల పక్కన ఇలా అవుతుంటుంది, మొబైల్ నెట్ ద్వారా కరెక్షన్ వస్తుంటే నెట్ పోయినా అవుతుంది.

ఫిక్స్ ఉండి కూడా బెడ్లన్నీ ఒకే పక్కకి ఒకే కొలత జరిగాయంటే బేస్ స్టేషన్‌ని అనుమానించండి. రోజూ తెచ్చి పెట్టి ఆన్ చేసే బేస్ తను ఎక్కడుందో ప్రతిసారీ కొత్తగా అంచనా వేసుకుంటే, ఆ అంచనాలో తేడా ఎంతో మీ లైన్లన్నీ అంత జరుగుతాయి. కదలని స్తంభం ఒకటి పాతి, మొదటిసారి వచ్చిన లొకేషన్ నంబర్లు సేవ్ చేసి, ప్రతిసారీ బేస్‌ని దాని మీదే పెట్టి ఆ నంబర్లే ఇవ్వండి. ఈ సీజన్‌కి అప్పటికప్పుడు గట్టెక్కాలంటే ఒక బెడ్డు మధ్యలో ట్రాక్టర్ నిలబెట్టి లైను జరిపి, దూరంగా ఉన్న ఇంకో బెడ్డు మీద సరిపోయిందో లేదో చూసుకున్నాకే నాటడం మొదలెట్టండి.

చేను ఏటవాలుగా ఉంటే ట్రాక్టర్ లైను మీదే ఉన్నా వెనక మిషన్ పల్లానికి జారుతుంది, మల్చింగ్ మిషన్ జారినంతే నాటే మిషన్ కూడా జారాలని లేదు. ఒరుగుడు సెన్సార్ ఆపేసి ఉంటే ఇంకా ఘోరం, 3 మీటర్ల ఎత్తు యాంటెనా 5 డిగ్రీల వాలులో 26 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. బెడ్డు ఏ దిక్కుగా కట్టారో నాటేటప్పుడు కూడా అదే దిక్కుగా వెళ్ళండి, చిన్న చిన్న తేడాలు రెండు సార్లూ ఒకే పక్కకి పడతాయి.

సమస్య: షీటు వదులుగా ఉండి గాలికి కొట్టుకుంటోంది, నారు మొదలు దగ్గర మాడిపోతోంది

ఈ రెండూ ఒకటే జబ్బు. షీటు మట్టిని అంటుకోకపోతే మధ్యలో గాలి వేడెక్కి, ఆ వేడంతా పొగగొట్టంలోంచి వచ్చినట్టు నారు పెట్టిన కన్నంలోంచి లేత కాండం మీదకి తన్నుకొస్తుంది. చాలావరకు మట్టి దగ్గరే పొరపాటు, పదును లేని నేలలో, గడ్డలున్న నేలలో పరిస్తే ఏ మిషనూ షీటుని బిగువుగా కూర్చోబెట్టలేదు. రోటవేటర్‌తో మెత్తగా చేసి, తడి ఉండగా పరవండి. చలి పొద్దున పరిచిన షీటు మధ్యాహ్నం ఎండకి సాగి వదులవుతుంది, కాస్త ఎండెక్కాక పరిస్తే చల్లబడ్డాక ఇంకా బిగుస్తుంది. ఇప్పటికే పరిచేసి ఉంటే ప్రతి కన్నం చుట్టూ గుప్పెడు మట్టి వేయండి, పని ఎక్కువే కానీ నారు బతుకుతుంది. ఎండాకాలం పంటకి నలుపు పైకి వేయకండి, వెండి రంగో తెలుపో పైకి రావాలి, వెండి రంగు తామర పురుగు, తెల్లదోమ వాలడాన్ని కూడా తగ్గిస్తుంది.

ముడతలు ఏటవాలుగా ఒక పక్కకే పడుతుంటే ఒత్తే చక్రాల్లో ఒకదాని మీద బరువు ఎక్కువైంది. పరుస్తుండగానే చిరుగుతుంటే రోల్ బ్రేకు మరీ బిగించారా, వేగం ఎక్కువైందా, పాత పంట మోళ్ళు ఉన్నాయా చూడండి. తుంగ మాత్రం ఎంత మంచి షీటునైనా పొడుచుకుని వస్తుంది, ఆ చేలో ముందు తుంగ సంగతి చూశాకే షీటు.

సమస్య: షీటు వేసిన బెడ్లలో కొన్ని చోట్లే మొక్కలు వాడిపోతున్నాయి

డ్రిప్ టేపు నొక్కుకుపోయిందో తెగిందో తిరగబడిందో, పైకి ఏమీ కనపడదు, అందుకే నారు వేయకముందే నీళ్ళు వదిలి ప్రతి లైను చివరా ప్రెషర్ చూసుకోవాలి. నీటి కన్నాలు పైకి ఉండాలి, కిందికి ఉంటే మడ్డి చేరి మూసుకుపోతాయి. ఒకే వరస నాటేటప్పుడు టేపుని సరిగ్గా మధ్యలో కాకుండా 5 నుంచి 8 సెంటీమీటర్లు పక్కకి, 2 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో పెట్టండి. పైపైన పడి ఉంటే ఎండకి సాగి మెలికలు తిరిగి, సరిగ్గా నాటే మిషన్ దిగే చోటికే వస్తుంది.

సమస్య: పంట అయ్యాక షీటు ముక్కలు ముక్కలుగా ఊడుతోంది

పలచటి షీటు ఎండకి పెళుసెక్కితే అంతే, 25, 30 మైక్రాన్ల షీటు అయితే తీయడం చాలా తేలిక. పాత మొక్కలు కోసేసి, అదే సేవ్ చేసిన లైను మీద ట్రాక్టర్ నడిపి అంచుల కింద బ్లేడు పోనిస్తే మట్టి వదులై షీటు పొడవునా వచ్చేస్తుంది. చేతికి రాని ముక్కల్ని రోటవేటర్‌తో కలిపేయకండి, అవి మట్టిలోనే ఉండిపోయి వచ్చే ఏడాది డిస్కులకి చుట్టుకుంటాయి. దున్నేయదగ్గది మట్టిలో పూర్తిగా కుళ్ళిపోయే రకం అని లేబుల్ మీద స్పష్టంగా ఉన్న షీటు ఒక్కటే.