కుక్క కరిస్తే నష్టపరిహారం ఎలా అడగాలి

పక్కింటోళ్ళ పెంపుడు కుక్క మా చెల్లెలి కొడుకు పిక్క పట్టుకున్న రోజు హడావిడిగా ఇంజెక్షన్ వేయించుకొని వచ్చేశాం, ఒక్క కాయితం దాచుకోలేదు, వారం తర్వాత ఖర్చులడిగితే ఆ ఓనరు "మా కుక్కే కరిచిందని రుజువేంటి" అన్నాడు. ఇంకెవరికీ అలా కాకూడదని రాస్తున్నా.

ముందు గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగండి, సున్నం, కారం, పసర్లు ఏవీ పూయొద్దు, వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తండి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉన్నాయి. మీ కేసు మొదలయ్యేది కూడా అక్కడే. ఓపీ చీటీలో కుక్క కాటు అని, గాట్లు ఎక్కడ, ఎన్ని, ఎంత లోతు అని రాయించుకోండి, కట్టు కట్టకముందే ఫోటోలు తియ్యండి, మందుల బిల్లులు, ఆటో ఖర్చులు, పనికి పోని రోజులు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. సీసీటీవీ ఫుటేజీ ఉంటే ఆ రోజే అడిగి తీసుకోండి, కొన్నాళ్ళకి చెరిగిపోతుంది.

తర్వాత పోలీస్ కంప్లైంట్. పెంపుడు కుక్కని అజాగ్రత్తగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద 6 నెలల వరకు జైలు గానీ 5,000 వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. ఇంత చిన్నదానికి కేసెందుకని స్టేషన్లో తిప్పి పంపిస్తే అదే కంప్లైంట్‌ని ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి పోస్టులో పంపండి. అయితే జరిమానా కట్టినంత మాత్రాన మీ ఖర్చులు తిరిగి రావు, దానికి లాయర్ నోటీసు ఇవ్వాలి, దారికి రాకపోతే సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. లేటు చేస్తే గడువు దాటిపోతుంది, మర్చిపోకండి.

వీధి కుక్కైతే మున్సిపాలిటీని అడగాలి, హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థ తన బాధ్యత చెయ్యలేదని వేసే పిటిషన్) వేసే దారి కూడా ఉంది. ఆ వీధిలో ఎవరైనా ముందే కంప్లైంట్ పెట్టుంటే ఆ నంబరు సంపాదించండి, తెలిసీ పట్టించుకోలేదని చూపించడానికి చాలా పనికొస్తుంది. 2023లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఒక్కో పంటి గాటుకి కనీసం 10,000, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000 ఇవ్వాలంది, మన రాష్ట్రాల్లో అది నేరుగా వర్తించదు గానీ మీ లాయరు ఉదాహరణగా చూపించొచ్చు.

లాయర్ ఫీజుకి డబ్బుల్లేవని ఆగిపోకండి, ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి, ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీ లాయర్‌ని ఇస్తారు.

అపార్ట్‌మెంట్ పెద్దలు మధ్యలో కూర్చుని రాజీకి రమ్మంటే తప్పులేదు, కానీ రేబిస్ టీకా డోసులన్నీ పూర్తయ్యి గాయం మానేదాకా "ఇంకేమీ అడగను" అన్న కాయితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.