రీబోర్ చేసిన టర్బో ఇంజిన్ బూస్ట్‌లో ఆయిల్ కక్కుతోందా? గోడ మందం చూడండి

కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, తాజా బోరింగ్ (సిలిండర్ రంధ్రాన్ని కోసి వెడల్పు చేయడం). నెమ్మదిగా నడిపితే ఇంజిన్‌కు ఏ లోటూ కనిపించదు. బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి ఒత్తిడి) 1 బార్ దాటగానే మాత్రం డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది, బ్రీదర్ పైపు ఆయిల్ ఆవిరి కక్కుతుంది, వెనక నీలం పొగ. అందరూ రింగులను తిడతారు. నేను ముందు అడిగేది, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఎంత పెంచారని.

బూస్ట్‌లో మాత్రమే బ్లో-బై (రింగులు దాటి కిందికి జారే వాయువు)

ముందు ఖర్చు లేని పని: పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిర్లను మానిఫోల్డ్‌కు ఒకవైపే పంపేది) తీసి ఊది చూడండి. అది రెండు వైపులా గాలి వదులుతుంటే మానిఫోల్డ్‌లోని బూస్ట్ నేరుగా క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ అడుగు భాగంలోకి పోతుంది. ఇంత చిన్న వాల్వ్ కోసం ఇంజిన్ దింపినవాళ్లున్నారు.

వాల్వ్ బాగుంటే అనుమానం సిలిండర్ గోడ మీదికి వెళ్లాలి. లీక్-డౌన్ టెస్ట్‌లో (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారుతుందో చూసేది) అన్నీ బాగున్నాయని ధీమా పడొద్దు. ఆ టెస్ట్‌లో ఇచ్చే గాలి ఏడెనిమిది బార్లకు మించదు. బూస్ట్‌లో ఇంధనం మండేటప్పుడు ఒత్తిడి 100 బార్ దాటుతుంది. అప్పుడు పల్చటి గోడ ఉబ్బుతుంది, రింగు దాన్ని అంటిపెట్టుకోలేదు. ఇంజిన్ ఆగాక కొలిస్తే బోర్ మళ్లీ గుండ్రంగానే ఉంటుంది. అయినా హెడ్ విప్పి చూస్తే ఆనవాలు దొరుకుతుంది: రింగు రాసుకున్న చోట గోడ అద్దంలా మెరుస్తుంది, రాసుకోని చోట హోనింగ్ (బోర్‌ను సన్నగా రాపిడి చేయడం) గీతలు కొత్తగానే ఉండి నల్లటి ఆయిల్ మరక పట్టి ఉంటాయి.

లెక్క చూడండి. 86 మి.మీ. బోర్, 86 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ (టయోటా 3ఎస్-జీటీఈ కొలతలు ఇవే) 1998 సీసీ. బోర్ 87 చేస్తే 2045. లాభం 47 సీసీ, అంటే 2.3 శాతం. గాలి వేడెక్కకుండా చూసుకుంటే, 1 బార్ బూస్ట్‌ను 1.05కు పెంచినా దాదాపు అంతే వస్తుంది. ఇక నష్టం: గోడ 5 మి.మీ. ఉందనుకుంటే 4.5 అవుతుంది. అదే ఒత్తిడికి గోడ మీద పడే లాగుడు 12 శాతం పెరుగుతుంది. వంగకుండా నిలిచే బలం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 27 శాతం పడిపోతుంది. టర్బో ఇంజిన్‌లో సీసీల కోసం బోర్ పెంచడం నష్టం బేరం. అరుగుదల, గీతలు పోయేంతవరకే కోయించాలి. బోర్ 0.25 మి.మీ. పెంచితే శుభ్రపడుతుందంటే 1.00 జోలికి వెళ్లొద్దు.

పరిష్కారం అల్ట్రాసోనిక్ గేజ్. బోర్‌కు జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, ప్రతి సిలిండర్‌లో నాలుగు దిక్కులా, మూడు ఎత్తుల్లో కొలిపించండి. నేను కొలిపించిన ఒక బ్లాక్‌లో మూడు సిలిండర్లు 5కు అటూఇటూ చూపించాయి. నాలుగోదాంట్లో ఒక పక్క 5.9, ఎదురు పక్క 3.4. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు జరిగితే ఇలా అవుతుంది, పైకి ఏమీ తెలియదు. సగటుతో పని లేదు, అతి తక్కువ అంకెనే చూడాలి. కాస్ట్ ఐరన్ బ్లాక్‌లో గట్టి బూస్ట్ పెట్టాలంటే, పవర్ స్ట్రోక్‌లో పిస్టన్ ఒరిగే థ్రస్ట్ వైపు కోశాక కూడా 4.5 నుంచి 5 మిగలాలని నా పట్టుదల. ఎక్కడైనా 3 కంటే తగ్గితే ఆ సిలిండర్‌కు స్లీవ్ (లోపల దించే కొత్త గొట్టం) తప్పదు.

రేడియేటర్ హోస్ రాయిలా బిగుసుకుంటోంది, పక్కపక్క సిలిండర్లలో కంప్రెషన్ తక్కువ

హెడ్ గాస్కెట్ (హెడ్‌కు, బ్లాక్‌కు మధ్య ఉండే సీల్) పోయింది, నిజమే. మళ్లీ అదే గాస్కెట్ వేస్తే మళ్లీ పోతుంది. రెండు సిలిండర్ల మధ్య నీటి దారి లేని బ్లాక్‌లో బోర్ 1 మి.మీ. పెంచితే మధ్య గోడ నుంచి పూర్తిగా 1 మి.మీ. పోతుంది, గాస్కెట్ ఆనే చోటు ఇరుకవుతుంది. పైగా పాత గాస్కెట్ రంధ్రం కొత్త బోర్ కంటే చిన్నదైతే అంచు మంటలోకి పొడుచుకొచ్చి కాలుతుంది. కొత్త బోర్ కంటే కాస్త పెద్ద రంధ్రం ఉన్న గాస్కెట్ తీసుకోండి, బ్లాక్ పైభాగం సమతలంగా ఉందో లేదో చూడండి.

పిస్టన్ పక్కల గీతలు, లేదా చల్లగా ఉన్నప్పుడు టకటక

ఎక్కువసార్లు తప్పు వరుసలో ఉంటుంది: ముందు బోర్ కోయించి తర్వాత పిస్టన్లు కొంటారు. పిస్టన్లు చేతికొచ్చాక, ఒక్కొక్కదాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోర్ హోన్ చేయాలి. 2618 అల్యూమినియం మిశ్రమం పిస్టన్ వేడికి 4032 మిశ్రమం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి పిస్టన్‌కు, గోడకు మధ్య గ్యాప్ కూడా ఎక్కువ కావాలి. ఎంతన్నది పిస్టన్‌తో వచ్చిన కార్డు చెబుతుంది. చలిలో కాస్త టకటకలాడితే టెన్షన్ పడకండి, వేడెక్కాక కూడా ఉంటేనే ఆలోచించాలి. హోనింగ్ టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బ్లాక్‌కు బిగించే మందపాటి పలక) బిగించి చేయించండి, హెడ్ బోల్ట్‌ల బిగింపుకే బోర్ ఆకారం మారుతుంది.

పై రింగు గ్యాప్‌కు (రింగు రెండు కొసల మధ్య ఖాళీ) మొదటి అంచనా: బోర్‌ను 0.005తో గుణించండి, 87కు 0.43 మి.మీ. వస్తుంది. రింగు తయారీదారు చార్ట్ వేరే చెబితే దాన్నే పాటించండి. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు ఢీకొని పిస్టన్ అంచునే విరగ్గొడతాయి.

ట్యూన్ మార్చలేదు, కానీ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలే చప్పుడు) మొదలైంది

బోర్ పెరిగి, హెడ్‌లో చాంబర్ అలాగే ఉంటే కంప్రెషన్ రేషియో పెరుగుతుంది. పై ఉదాహరణలో 9.0 కాస్తా 9.2 అవుతుంది. డిష్ (పిస్టన్ పైభాగంలోని గుంట) ఎక్కువున్న పిస్టన్ వేయండి, లేదా ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం వెనక్కి తీసి మళ్లీ ట్యూన్ చేయించండి.