స్క్రీన్ మీద గీతలొస్తే ముందు మానిటర్ మెనూ తెరవండి

మాది అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు మా పని. ముహూర్తాల సీజన్‌లో స్క్రీన్ మీద గీతలు పడితే ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆ కంగారులో కొత్త మానిటర్ కొనేసినవాళ్లున్నారు, తీరా చూస్తే లోపం కేబుల్‌లో! అందుకే తేడా మానిటర్‌లోనా, సీపీయూలోనా అన్నది ముందు తేల్చుకోండి.

మానిటర్‌కున్న బటన్ నొక్కితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చే మెనూ వస్తుంది. దాన్ని చూపించేది మానిటరే, కంప్యూటర్‌తో దానికి పని లేదు. గీతలు ఆ మెనూ మీద కూడా పడుతుంటే లోపం దాదాపు మానిటర్‌దే. మెనూ శుభ్రంగా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడండి. అందులోనూ గీతలుంటే స్క్రీన్‌కు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డునో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌నో అనుమానించాలి. లేకపోతే ముందు కేబుల్ చూడండి.

కేబుల్‌ను రెండు వైపులా తీసి మళ్లీ పెట్టండి. వీజీఏ (స్క్రూలతో బిగించే పాత రకం కేబుల్) అయితే పిన్నులు వంగాయేమో చూసి, స్క్రూలు బిగించండి. తెల్లని పేజీ పసుపుగా కనిపిస్తోందంటే నీలం రంగు సిగ్నల్ సరిగా అందట్లేదన్నమాట. అది సరిచేసేదాకా దయచేసి డిజైన్‌లో రంగులు ముట్టుకోకండి, ప్రింటు మొత్తం తేడా వస్తుంది.

డ్రైవర్ అనుకుంటే విండోస్ 10, 11లలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్కసారి ఆరి వెలుగుతుంది, తెరిచిన ఫైళ్లు పోవు. అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లండి.

కాసేపు పనిచేశాకే గీతలు వస్తున్నాయా? అది వేడి వల్ల కావొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా దుమ్ము. ప్లగ్ తీసి, సీపీయూ సైడ్ డోర్ విప్పి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడవండి. ముందుగా క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్‌ను (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల చార్జి నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది.

ఇంకా తగ్గకపోతే, మీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే, కార్డు తీసేసి కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టండి. గీతలు పోయాయంటే ఆ కార్డు ఒక్కటే రిపేరుకు పట్టుకెళ్లండి.